మా వదిన నడిపించిన ఎడ్లు

పోయిన మంగళవారం పొద్దున్నే బోధన్ నుంచి వచ్చే మొదటి బస్సులో మా అన్న పక్కింటాయన నిజామాబాద్‌లో దిగి, రిక్షా మాట్లాడుకుని కంఠేశ్వర్‌లో మా ఇంటికి వచ్చాడు. నేను బడికి పోయే హడావిడిలో ఉన్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, "అక్కా, మీ వదినె పోయింది. రాత్రి మంచిగనే పండుకున్నదట, పొద్దుగాల లేవలే" అన్నాడు. ఆయన్ని కూర్చోమనడం కూడా మరిచిపోయి, "పొయ్యి మీద పాలున్నయ్, దించొస్త" అంటూ లోపలికి నడిచాను. అప్పటికే పాలు పొంగి పొయ్యంతా పారి ఉన్నాయి. అవి చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

మనిషి పోతే పాలకు ఏడ్చిందేమిటి అనుకుంటారేమో. మా వదిన పొయ్యి దగ్గర ఉంటే పాలు పొంగి తీరవలసిందే. మరిచిపోయి కాదు, కళ్లప్పగించి చూస్తూనే పొంగనిచ్చేది. అంచున మొదటి బుడగ రావడం, మధ్యలో మీగడ ఉబ్బడం, గిన్నె మూతి దాకా వచ్చి ఒక్క లిప్త ఆగడం, తర్వాత ఒరిగి పారడం. "ఆగింది సూసినవా పిల్ల? పొంగే ముందు జర ఆగుతది. ఆ ఆగుడుకు నాలుగు బొమ్మలు పెట్టాలె. లేకపోతే పొంగినట్టుండదు, ఒలికినట్టుంటది" అనేది. ఆమె బొమ్మలు ఆమెకు బాగానే ఉండేవి, పొయ్యి కడుక్కునేది మాత్రం నేను. ఆ రోజుల్లో నేను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆమె పుట్టింది బొంబాయిలో. బతుకుదెరువుకు అక్కడికి పోయి బట్టల మిల్లులో కుదురుకున్న మా వైపు కుటుంబమే వాళ్లది. యాభై ఆరులో రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డాక ఒకటి రెండేళ్లకు మా అన్నను చేసుకుని బోధన్ వచ్చింది. అన్న చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరు. మేమంతా రెంజల్ దగ్గరి పల్లెలో పసుపు, వరి, చెరకు వేసుకునే వాళ్లం. కొత్త కోడలు బొంబాయిలో సినిమాల్లో పనిచేసిందట అని తెలియగానే ఊళ్లో ఆడవాళ్లంతా వరుస పెట్టి చూడటానికి వచ్చారు. తీరా చూస్తే బక్కపలచని మనిషి, వేళ్ల నిండా సిరా మరకలు. గోరింటాకైనా పండని ఆ చేతుల్ని చూసి నేనూ పెదవి విరిచాను.

ఆమె పనిచేసింది బొమ్మల సినిమాల్లో. చేత్తో గీసిన బొమ్మలను ఒక్కొక్కటిగా కెమెరా కింద పెట్టి తీస్తే, తెర మీద అవి కదులుతాయి. ఒక్క సెకను నడకకు పన్నెండు బొమ్మలు, తొందర నడక అయితే ఇరవై నాలుగు. పెద్ద ఆర్టిస్టు కాగితం మీద పెన్సిలుతో గీస్తాడు. ఆ కాగితం మీద గాజులా కనిపించే సెల్యులాయిడ్ షీటు పరిచి, గీత వణక్కుండా సిరాతో దించుతారు. తర్వాత షీటు తిరగేసి వెనక వైపు రంగు నింపుతారు. వదిన ఆరేళ్లు చేసింది ఆ దించే పని, రంగు నింపే పని. ఆడవాళ్లకు అక్కడ పెన్సిలు ఇచ్చేవారు కాదు. "గీత ఒకనిది, పేరు ఇంకొకనిది. మాది రంగు. గది గూడ ఎనుక దిక్కు" అని నవ్వేది. ఆ నవ్వులో కడుపుమంట ఉండేదని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది.

నేను టీచర్ ట్రైనింగ్ ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ అన్న వాళ్ల క్వార్టర్‌లో ఉన్న రోజులవి. వదినా ఆడబిడ్డలం గనుక మా మధ్య పేచీలకు కొదవలేదు. ఒకరోజు గొడవపడి విసురుగా బయటికి పోయాను. తిరిగి వచ్చి నా నోటుపుస్తకం తీస్తే ప్రతి పేజీ మూలన చిన్న బొమ్మ ఉంది. బొటనవేలితో పేజీలు గబగబా వదిలితే, నడుం మీద చెయ్యి పెట్టుకుని, జడ విసురుకుంటూ నేనే నడిచిపోతున్నాను. నా కోపం మడమల్లో ఉంటుందని నాకే తెలియదు. నవ్వాపుకోలేక పోయాను. ఆమెతో నా యుద్ధం ఆ రోజుతో సరి.

ఆమెకు మనుషుల ముఖాల కన్నా ముందు నడకలు గుర్తుండేవి. పెళ్లికి పోతే పెళ్లికూతురి నగలు చూసేది కాదు, తలంబ్రాల బియ్యం మీద కాళ్లు ఎలా పడుతున్నాయో చూసేది. కూరగాయల గంప దించి లేచిన ముసలవ్వను, "అవ్వా, జర మల్లొకసారి గంప ఎత్తి నడువరాదు" అని అడిగి తిట్లు తిన్నది. ఎవరి బొమ్మ గీయాలన్నా ఆమె చెప్పేది ఒకటే మాట: "బరువు యాడున్నదో సూడు పిల్ల. బరువు దొరికితే మనిషి దొరికినట్టే." బడిలో పిల్లలకు డ్రాయింగు కూడా నేనే చెప్పవలసి వచ్చినప్పుడు ఇదే మాట చెప్పి మంచి టీచరునని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు ఆమెది.

అరవైల నడుమ సంగతి, నాకు ఇంకా ఉద్యోగం రాలేదు. చెరకు రైతుల బాగోగులు చూసే ఆఫీసరు ఒకాయన మా అన్న ద్వారా వదిన గురించి విని ఇంటికి వచ్చాడు. నరికిన చెరకును రైతులు రెండు మూడు రోజులు చేలోనే పడేసి ఎండబెడుతున్నారని, రసం తగ్గి వాళ్లే నష్టపోతున్నారని, ఆ సంగతి ఊళ్లలో బొమ్మల సినిమాగా చూపించాలని ఆయన కోరిక. "అమ్మా, బొంబాయి కంపెనీకి ఇస్తే వాళ్లకు చెరకంటే ఏమిటో తెలియదు. మీరు చేయగలరా?" అన్నాడు. వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను వెనకే పోయి చూస్తే గోడకు తలానించి ఊపిరి పీల్చుకుంటోంది. "నన్ను గియ్యమంటున్నడు పిల్ల. దించమనలే, గియ్యమన్నడు" అంది.

అన్న ఫ్యాక్టరీ వడ్రంగితో ఒక బల్ల చేయించాడు. బల్ల నడుమ అద్దం, అద్దం కింద బల్బు, కాగితాలు కదలకుండా అంచున రెండు చిన్న మేకులు. కథ కూడా ఆమెదే. ఒక రైతు నరికిన రోజే చెరకు బండికెత్తి ఫ్యాక్టరీకి తోలుతాడు. దారిలో ఎడ్లు కాలువ దగ్గర నీళ్లు తాగుతాయి. చెరకు దించి వచ్చేటప్పుడు ఖాళీ బండిలో ఆయన నిద్రపోతాడు, ఎడ్లే ఇల్లు చేరుస్తాయి. ఎడ్లకు మా బాపు జతనే చూసి గీసింది. తెల్లది ఎత్తు, పెద్ద మూపురం. కర్రెది పొట్టి, ఒక కొమ్ము వంకర. ఆరు నెలలు ఆమె వేళ్ల మధ్య కాగితాలు తప్ప వేరే ఏమీ చూడలేదు నేను. కాగితాలు ఆడిస్తూ మరాఠీలో లెక్కపెట్టుకునేది, ఏక్, దోన్, తీన్ అని. వేసవి ఉక్కలో కూడా ఫ్యాను వేయనిచ్చేది కాదు, కాగితాలు ఎగురుతాయని.

అన్ని బొమ్మలు గీసే వ్యవధి లేక ఒక్కచోట మాత్రం ఆమె బొంబాయి కిటుకు వాడింది. పోయేటప్పటి ఎడ్ల బొమ్మల కాగితాలను బోర్లా తిప్పి అద్దం మీద పెట్టి, వాటి మీద షీటు పరిచి దించితే, ఎడ్లు ఇటు నుంచి అటు కాకుండా అటు నుంచి ఇటు నడుస్తాయి. మళ్లీ గీయనక్కర లేదు. పెద్ద పెద్ద వాళ్లు కూడా అలాగే చేస్తారట. హైదరాబాదులో కెమెరా ఉన్న చోటికి షీట్లు పోయాయి, రీలు వచ్చింది, షీట్లూ వెనక్కి వచ్చాయి. ఆఫీసరు చూసి మెచ్చుకుని, ముందుగా కొందరు రైతులకు చూపిద్దామని బోధన్‌లో ఒక హాలుకు ముప్పై మందిని పిలిచాడు. అందులో మా బాపు కూడా ఉన్నాడు. నేనూ వదినా తలుపు దగ్గర నిలబడ్డాం.

బండి ఫ్యాక్టరీకి పోతున్నంత సేపు అందరూ గుడ్లప్పగించి చూశారు. తిరిగి వచ్చే ఘట్టం రాగానే ముందు వరుసలో ఒకరు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. నాకెందుకో ఆ నవ్వు నచ్చలేదు. బయటికి వచ్చాక బాపు నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు కోడలితో ఎదురుగా మాట్లాడే అలవాటు లేదు. ఏం చెప్పాలన్నా నా ద్వారానే.

"బిడ్డా, మీ వదినెకు సెప్పు. మన తెల్లెద్దు దాపటిది. పోయేటప్పుడు మంచిగనే కట్టింది. వచ్చేటప్పుడు ఎలపటికి కట్టింది. గట్ల కడితే గది అడుగు తియ్యదు. ఇంకోటి, ఖాళీ బండి ఎడ్లు ఇంటి మొకాన గట్ల ఈడ్సుకుంట నడుస్తయా? తల లేపి ఉరుకుతయి" అన్నాడు.

కాడికి కట్టిన జతలో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్కన అలవాటు చేస్తే బతికినంత కాలం ఆ పక్కనే. కాగితం బోర్లా తిప్పితే బండి వెనక్కి తిరిగింది కానీ ఎడ్లు పక్కలు మారాయి. పైగా బరువు లాగే నడకే ఖాళీ బండికీ వచ్చింది. ఈ తప్పు బొంబాయిలో ఎవరూ పట్టరు. ఇక్కడ పట్టనివాడు లేడు.

రిక్షాలో వదిన అడిగింది, ఎందుకు నవ్విండ్రు అని. "బండాయన పండుకున్నది సూసి" అన్నాను. "మామ ఏమన్నడు?" అంది. "మస్తుగున్నదన్నడు" అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆరు నెలలు ఆ కళ్లెలా ఎర్రబడ్డాయో చూసినదాన్ని, నోరు రాలేదు. కానీ ఆ అబద్ధం నన్ను తిననివ్వలేదు. మూడో రోజు, రీలు డబ్బా ఆఫీసరుకు పంపడానికి ఆమె గుడ్డలో చుడుతుంటే, బాపు అన్నదంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక కాగితం తీసి బోర్లా తిప్పి, మళ్లీ తిప్పి, "నిజమే గదనే" అంది. తర్వాత, "మెచ్చుకునేటోడు సగమే సూస్తడు పిల్ల. తప్పు సెప్పినోడే మొత్తం సూసిండు" అంది. ఎడ్లకు రంగు మార్చేస్తే సరిపోదా అన్నాను. "రంగు మారిస్తే ఎద్దు మారుతదా? మల్ల గియ్యాలె" అంది.

ఆఫీసరు తల పట్టుకున్నాడు. "ఈ మాత్రం ఎవరు చూస్తారమ్మా? దీపావళి దాటితే ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలు. ఆలోగా ఇస్తే సరే, లేకపోతే ఉన్నదే ఊళ్లకు పోతుంది" అని ఖండితంగా చెప్పాడు. చేతిలో ఏడు వారాలు. గీయవలసినవి మూడు వందల పైచిలుకు బొమ్మలు. అందలేదంటే, ఆమె జీవితంలో గీసిన ఒకే ఒక్క సినిమా ఊరూరా తిరిగి నవ్వులపాలవుతుంది.

కొత్త షీట్లు బొంబాయి నుంచి రావాలి, వచ్చేదాకా ఆగలేం. అందుకని పాతవే కడిగాం. పెరట్లో పెద్ద గంగాళంలో కుంకుడు రసం కలిపి ఒక్కొక్క షీటూ ముంచి మెత్తటి గుడ్డతో రుద్దుతుంటే, ఎద్దు కాళ్లు కరిగాయి, మూపురం కరిగింది, నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. నాకు చేతులు రాలేదు. ఆమె మాత్రం బియ్యం కడిగినంత మామూలుగా కడిగింది. దండేనికి ఆరేసిన ఆ షీట్లలోంచి అవతలి గోడ కనబడేది.

మరుసటి ఆదివారం వాకిట్లో గజ్జెల చప్పుడైంది. బాపు రెంజల్ దిక్కు నుంచి ఖాళీ బండి కట్టుకుని అంత దూరం వచ్చాడు. దిగలేదు, మంచినీళ్లు అడగలేదు. మా వీధి ఆ చివర నుంచి ఈ చివరకు తోలాడు, బండి తిప్పుకుని మళ్లీ తోలాడు. వదిన వసారాలో కూర్చుని పలక లాంటి అట్ట ఒళ్లో పెట్టుకుని గీస్తూనే ఉంది. ఇద్దరి మధ్య పది అడుగులు. "సాలా అని అడుగు బిడ్డా" అని ఆయన నాతో. "ఇంకొక్కసారి అని సెప్పు" అని ఆమె నాతో. వీధి జనమంతా ముసలాయనకు మతి తప్పిందనుకున్నారు. ఎన్నిసార్లు తిరిగాడో గుర్తులేదు. పొద్దు వాలేటప్పటికి ఆమె అట్ట పక్కన పెట్టి, లేచి, తెల్లెద్దు దగ్గరికి పోయి దాని మెడ కింద నిమిరింది. బాపు అటు తిరిగి తలపాగా సర్దుకున్నాడు. మా ఇంట్లో ప్రేమ ఎలా ఉంటుందని అడిగితే ఆ సాయంత్రమే చెప్తాను నేను.

దీపావళికి నాలుగు రోజుల ముందు రీలు ఆఫీసరు చేతిలో పడింది. ఆ ఏడు వారాల్లో ఆమె గీసింది, నేను దించాను, డ్యూటీ దిగి అన్న రంగు నింపాడు. ఆ సినిమా రెండు మూడు సీజన్లు ఊళ్లు తిరిగి, గీతలు పడి, తెగి, ఏ బీరువాలో చేరిందో తెలియదు. అందులో ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమెకు ఇంకో సినిమా కూడా రాలేదు. నాకు ఇప్పటికీ కోపమే. ఆమెకు కోపం ఎందుకు లేదని అడిగితే, ఆ సినిమా మొదట ఆడిన ఊరిని తలుచుకోమనేది. అది మా ఊరే.

బడి ముందర మైదానంలో రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టారు. చీకటి పడగానే ఆట. మగవాళ్లు తెరకు ముందు, ప్రొజెక్టరు వైపు కూర్చున్నారు. ఆడవాళ్లు తెర వెనక. మా ఊళ్లో అదే రివాజు, ఎవరూ దాన్ని ఆలోచించను కూడా ఆలోచించరు. నేనూ వదినా ఆడవాళ్ల నడుమ చాప మీద కూర్చున్నాం. బండి కదిలింది. ముందువైపు మగవాళ్లలో నవ్వు లేదు, గుసగుస లేదు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతలో, బోధన్ హాల్లో నవ్విన సంగతి అప్పటికే విన్న మా మేనత్త గొంతు తగ్గించి నాతో, "అయ్యో, మీ బాపు తెల్లెద్దును మల్ల ఎలపటికే కట్టిందేందే?" అంది.

వదిన నా చెయ్యి వదిలేసింది. నిజమే, వెనక నుంచి చూస్తే గుడ్డ మీద కుడి ఎడమవుతుంది. బోర్లా తిప్పిన కాగితం ఏం చేస్తుందో అందరికన్నా బాగా తెలిసిన మనిషికి ఈ ఒక్కటీ తట్టలేదు. పక్కావిడ ఓదార్పుగా, "నువ్వు రంది వెట్టుకోకు బిడ్డా, గది మాకు అలవాటే. తెర ఎనుకకెల్లి సూస్తే అందరు ఎడమసేతోళ్లే. అన్నం గూడ ఎడమ సేత్తోనే తింటరు. మన దిక్కు గంతే" అంది.

వదిన లేచింది. తెర అంచు పక్కకు లాగి తల బయట పెట్టి, "జర ఆపుండ్రి. మల్ల మొదటికెల్లి ఎయ్యుండ్రి" అంది ఆపరేటర్‌తో. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "లెవ్వుండ్రి. అవుతలికి పోదం" అంది. ఎవరూ కదల్లేదు. "మొగోళ్ల ముంగటనా?" అంది మేనత్త. "మొగోళ్ల ముంగట గాదు, బొమ్మ ముంగట. గియ్యి మీ ఎడ్లు. మీరు గూడ సక్కగ సూడాలె గద" అంది వదిన. అవతల మగవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. అప్పుడు బాపు గొంతు వినబడింది: "ఏందిర గులుగుతరు? జర జరుగుండ్రి. వాళ్లు గూడ చెరుకు కొట్టేటోళ్లే." మేనత్త ముందుగా లేచి చాప చుట్టింది.

రీలు మొదటికి చుట్టుకునేదాకా దారి కనబడాలని ఆపరేటరు ఉత్త వెలుతురు తెర మీదికి వదిలాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే గుంజ పక్క నుంచి అవతలికి పోయి, ఆ వెలుతురుకు అడ్డంగా నడిచారు. నేనూ వదినా వెనకే నిలబడ్డాం. తెర నిండా నీడలు. చంకలో బిడ్డతో ఒకామె ఒక పక్కకు ఒరిగి, మోకాళ్ల నొప్పుల ముసలామె ఆగి ఆగి, కొత్త కోడలు కొంగు పట్టుకుని చిన్న అడుగులతో. "సూడు పిల్ల, ఒక్కదాని నడక ఇంకొకదానికి లేదు" అంది వదిన. వెలుతురు ఆమె ముఖం మీద పడి మెరుస్తోంది. ఆమె వేలు చీర మీద ఏదో గీస్తూనే ఉంది. చివరి మనిషి దాటాక, నువ్వూ రా అన్నట్టు నా భుజం తట్టి తనూ గుంజ చుట్టూ తిరిగి పోయింది. నేను వెంటనే కదల్లేకపోయాను. తెర మీద ఆమె నీడ వచ్చింది, బక్కపలచగా, తల కొంచెం ముందుకు వంచి. నడుమకు వచ్చి ఒక్క లిప్త ఆగింది, ఎక్కడ చోటుందో వెతుకుతున్నట్టు. తర్వాత ఎవరిదో చెయ్యి పైకి లేచి పిలిచింది. ఆమె అటు నడిచి, తెర అడుగున కనబడే తలల నీడల మధ్య కూర్చుంది.